చెరిసగం టైర్లు

కారు టైరుకి వెంట్రుకలు మొలిచాయని మొదట కనిపెట్టింది అత్తగారు. ఉదయం ఎండకి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆవిడకి ముందు కుడి టైరు లోపలి అంచున సన్నగా ఏవో మెరుస్తూ కనిపించాయి. "పెద్దమ్మాయ్, ఈ కారుకేదో జబ్బు చేసింది, చిన్నదాన్ని పిలు," అని కేకేసింది. చిన్నకోడలు పశువుల డాక్టరు. అత్తగారి లెక్కలో నాలుగు కాళ్ళ మీద కదిలేదేదైనా ఆ అమ్మాయి పరిధిలోకే వస్తుంది.

చిన్నకోడలు పళ్ళు తోముకుంటూనే వచ్చి వంగి చూసింది. "వెంట్రుకలు కావత్తయ్యా, లోపలి ఇనప తీగలు. రబ్బరంతా అరిగిపోయి బయటికొచ్చేశాయి. ఇక ఈ టైరు పనైపోయింది," అంది. మిగతా మూడూ చూసింది. నాలుగూ ఒకేసారి కాపురానికొచ్చినవి, నాలుగూ ఒకేసారి ముసలివయ్యాయి.

వంటింటి గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ పెద్దకోడలికి ఈ మాట విని ప్రాణం లేచొచ్చింది. టైర్లు పోయాయంటే ఎవరికైనా గుండె జారుతుంది గానీ సంతోషపడేవాళ్ళుంటారా? ఈవిడ పడింది. పైకి మాత్రం "అయ్యో" అంది.

ఆ కారు రెండేళ్ళ కిందట ఎవరి దగ్గరో కొన్న చిన్న కారు. టైర్లు మాత్రం పెద్దింటివి. రన్‌ఫ్లాట్ టైర్లు. పంచరై గాలంతా పోయినా ఎనభై కిలోమీటర్లు మెల్లగా నడిపించుకుపోవచ్చట. అందుకే డిక్కీలో స్టెప్నీ లేదు, జాకీ లేదు, వాటికి చోటు కూడా లేదు. అమ్మినవాడు ఈ సంగతి వరం ఇచ్చినట్టు చెప్పాడు. వాడు చెప్పనిది ఒకటుంది. గాలి లేకపోయినా కారు బరువు మొయ్యాలి కాబట్టి ఆ టైర్ల పక్కలు రాయిలా ఉంటాయి. గుంతలో పడితే ఆ దెబ్బ టైరు ఆపుకోదు, సీట్లో కూర్చున్నవాళ్ళకి పంపిస్తుంది.

పెద్దకోడలు కర్టెన్లు కుడుతుంది. ఇంటింటికీ వెళ్ళి కిటికీలు కొలుచుకుని, గుడ్డ కత్తిరించి, కుట్టి, తనే వెళ్ళి తగిలించి వస్తుంది. తొమ్మిది నెలల కిందట ఆవిడ నడుముకి ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు ఒకే గదిలో, ఒకే మంచం మీద, తను కుట్టిన కర్టెన్ మడతలే లెక్కపెట్టుకుంటూ పడుకుంది. ఇంట్లోవాళ్ళు ఆవిణ్ణి పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. ఆ పువ్వుల్లోనే ఆవిడకి ఊపిరాడలేదు. లేచి నడిచిన రోజున, మళ్ళీ ఆ గదికి వెళ్ళనని తనకి తనే మాటిచ్చుకుంది. ఇప్పుడు ఊరి చివర, పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో కొత్తగా కట్టిన నర్సుల వసతి గృహానికి అరవై రెండు కిటికీల పని దొరికింది. ఆవిడ జీవితంలో అంత పెద్ద పని ఇంతకు ముందు రాలేదు. అది చెయ్యగలిగితే తను మళ్ళీ పనిచేసే మనిషి కిందే లెక్క, మంచంమనిషి కాదు.

కానీ ఆ కారెక్కిన ప్రతిసారీ నడుము కత్తితో కోసినట్టు ఉండేది. దిగేటప్పుడు రెండు కాళ్ళూ కలిపి బయట పెట్టి, తలుపు పట్టుకుని, ఒక ఊపిరి ఆగి లేచేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరూ టైర్లు మార్చరు, ఆవిడ చేత పనే మానిపిస్తారు. "ఆరోగ్యం కంటే కిటికీలెక్కువా" అని అందరూ ప్రేమగానే అంటారు. ప్రేమగా అనేదానికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఆవిడకి తెలుసు. కాబట్టి కక్కలేక మింగలేక రెండు నెలలుగా పళ్ళ బిగువున కారు నడుపుతోంది.

ఇక ఆ ఇంటి రాజ్యాంగం గురించి చెప్పాలి. అందులో ఉన్నది ఒకటే అధికరణం: చెరిసగం. అత్తగారికి ఏడాదిన్నర తేడాతో ఇద్దరు కొడుకులు. వాళ్ళు చిన్నప్పుడు కొట్టుకుని ఇల్లు పీకి పందిరేస్తుంటే, ఆవిడ సబ్బుబిళ్ళని కూడా దారంతో కోసి చెరో ముక్క ఇచ్చేది. రొట్టెని వంటింటి తక్కెడలో తూచి పెట్టేది. కోడళ్ళొచ్చాక కూడా ఆ తక్కెడ దిగలేదు. ఫ్రిజ్‌లో చెరో అర, గోడకి చెరో కొక్కెం. కారు పొద్దున్నించి పన్నెండున్నర దాకా చిన్నదానిది, ఆ తర్వాత పెద్దదానిది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఆవిడ ఆ ఒరకి మధ్యలో అడ్డగోడ కట్టేసింది. ఆరేళ్ళలో ఆ ఇంట్లో తగాదా లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. అడక్కముందే సగం కోసి చేతిలో పెట్టే అత్తగారి దగ్గర అడగాల్సిన పనేముంది? పెద్దకోడలు అడగడమే మర్చిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర టైర్ల సభ జరిగింది.

"మామూలు టైర్లే వేయిద్దాం. మోత తక్కువ. ఎక్కడైనా దొరుకుతాయి. పంచరైతే అతుకేయించుకోవచ్చు," అంది పెద్దకోడలు. మూడూ నిజాలే, మూడింట్లోనూ అసలు నిజం లేదు.

"నాకు ఆ గాలి పోయినా నడిచేవే కావాలక్కా," అంది చిన్నకోడలు. "ఆ కొండ దారిలో పద్నాలుగు కిలోమీటర్లు ఫోను పలకదు. టైరు పోతే అక్కడ నేనూ, గొర్రెలూ, దేవుడూ. నాకు టైరు విప్పడం రాదు, వచ్చినా అక్కడ ఒక్కదాన్నే ఆగి ఆ పని చెయ్యలేను."

ఆ అమ్మాయి ఊరికే అనడం లేదు. కారు కొనకముందు స్కూటర్ మీద వెళ్ళే రోజుల్లో ఒకసారి అదే దారిలో పంచరైంది. రెండున్నర గంటలు స్కూటర్ తోసుకుంటూ వచ్చింది. అందులో గంట సేపు ఒక లారీ, దాటిపోకుండా, వెనకాలే నడక వేగంతో వచ్చింది. ఏమీ జరగలేదు. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది గానీ విన్నవాళ్ళెవరూ నవ్వలేదు. ఆ సంగతి గుర్తొచ్చి పెద్దకోడలికి తన మీద తనకే సిగ్గేసింది.

అత్తగారు చెయ్యి కడుక్కుని తీర్పు చెప్పింది. "ఇందులో తల బద్దలు కొట్టుకోవడానికేముంది? ముందు రెండూ చిన్నదానివి, వెనక రెండూ పెద్దదానివి."

"బాగుంది," అన్నాడు పెద్దకొడుకు.

"బాగుంది," అన్నాడు చిన్నకొడుకు. అన్నదమ్ములిద్దరూ ఒకే శీతల గిడ్డంగిలో పని చేస్తారు, ఒకే అభిప్రాయంతో బతుకుతారు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు కారు తీసుకుని గాలి బాబాయి కొట్టుకి వెళ్ళింది. టైర్లమ్మే ఆ పెద్దాయన ఎవరొచ్చినా ముందు గాలి చూసి, డబ్బు తీసుకోకుండా నింపి, ఆ తర్వాతే మాట్లాడతాడు. అందుకే ఆ పేరు. ఆయన మాటలు మాత్రం గాలి మాటలు కావు. కొట్టంతా రబ్బరు వాసన. మూలన నీళ్ళ తొట్టి, దాని పక్కన దగ్గుతూ ఒక కంప్రెసర్, తలెత్తు టైర్ల దొంతర్లు. ఒక దొంతర మీద సగం తాగిన టీ గ్లాసు.

ఆవిడ కారు దిగడం ఆయన చూశాడు. కాళ్ళు రెండూ కలిపి దించడం, తలుపు పట్టుకోవడం, ఆగడం, అన్నీ చూశాడు. ఆవిడ అత్తగారి తీర్పు అప్పజెప్పింది.

"ఒక కాలికి బూటు, ఇంకో కాలికి చెప్పు వేసుకుని నడుస్తావా అమ్మా?" అన్నాడు. "ముందు గట్టివి, వెనక మెత్తవి వేస్తే వానలో మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లు ఒకటంటాయి, వెనకవి ఇంకోటంటాయి. మధ్యలో కారు ఎవరి మాట వినాలి? నేను వెయ్యను. ఇంకెవడన్నా వేస్తానన్నా వేయించుకోకు."

"మా అత్తయ్యకి ఎలా చెప్పను బాబాయ్?"

"అది తర్వాత. నడుం ఎప్పట్నించి?"

పెద్దకోడలు ఉలిక్కిపడింది. ఆయన ఒక కొత్త రన్‌ఫ్లాట్ తీసి దాని పక్కన బొటనవేలుతో నొక్కమన్నాడు. వేలు నొప్పెట్టింది గానీ రబ్బరు కదల్లేదు. మామూలు టైరు నొక్కమన్నాడు. లోపలికి మెత్తగా దిగింది. ఇంక దాచి లాభం లేదని ఆవిడకి అర్థమైంది.

"ఎవరికీ చెప్పకండి బాబాయ్. తెలిస్తే కారెక్కొద్దంటారు. మళ్ళీ పడుకోబెట్టేస్తారు," అంది.

గాలి బాబాయి తల గోక్కున్నాడు. "నేను చెప్పనులే. కానీ ఎప్పటికైనా నువ్వు చెప్పాలి. నోరు కట్టుకుని నడుం బాగు చేసుకున్నవాళ్ళని నేను చూళ్ళేదు." కాసేపు కొట్టంతా కలియజూసి ఒక దారి చెప్పాడు. ఎవరో మార్పించుకుని వదిలేసిన రన్‌ఫ్లాట్లు నాలుగున్నాయి, సగం అరిగినవి. వాటిని కారుకున్న మెరిసే చక్రాలకే ఎక్కిస్తానన్నాడు. ఇదే రకం కారువి నల్ల ఇనప చక్రాలు నాలుగున్నాయి, మామూలు టైర్లతో సహా. "రెండూ పట్టుకెళ్ళండి. మూడు రోజులు అవి, మూడు రోజులు ఇవి నడిపి చూడండి. వారమయ్యాక ఏదో ఒకదాని మీదకి రండి, కొత్తవి వేస్తాను. జాకీ, పానా కూడా ఇస్తున్నా, మళ్ళీ తెచ్చివ్వండి."

ఆయన చెప్పింది చక్కగా ఉంది. ఆ చక్కటి మాట ఇంటికి చేరి అత్తగారి తక్కెడలో పడింది.

"మొదటి మూడు రోజులూ చిన్నదానివి ఉంటే పెద్దదేం పాపం చేసింది? పెద్దదానివి ఉంటే చిన్నదేం పాపం చేసింది?" అంది అత్తగారు. "కారు ఎలాగూ పొద్దున ఒకరిది, మధ్యాహ్నం ఒకరిది. టైర్లూ అంతే. పొద్దున గట్టివి, పన్నెండున్నరకి మార్చి మెత్తవి. సాయంత్రం మళ్ళీ గట్టివి."

పెద్దకొడుకు వేళ్ళు మడిచాడు. "అంటే రోజుకి ఎనిమిది చక్రాలు విప్పి, ఎనిమిది బిగించాలమ్మా."

"మీరిద్దరు లేరూ? చెరో నాలుగు."

ఈసారి అన్నదమ్ములు బాగుందనలేదు. కాదని కూడా అనలేదు.

సోమవారం ఇద్దరూ భోజనం మానుకుని వచ్చారు. నాలుగు చక్రాలకి గంటన్నర పట్టింది. పెద్దకొడుకు బొటనవేలు నలిగింది. చిన్నకొడుకు వదిలేసిన నట్టు ఒకటి కాలవలోకి దొర్లితే, దానికోసం ఇద్దరూ పొట్ట మీద పడుకుని వెతికారు. అప్పట్నించి అత్తగారు ఒక స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, విప్పిన పదహారు నట్లకీ కాపలా కూర్చుంది. మంగళవారం పదకొండింటికే చిన్నకొడుకు ఫోన్ చేసి, గిడ్డంగికి లోడు వచ్చిందనీ, ఈ వారమంతా రాలేమనీ చెప్పాడు. నిజంగా లోడొచ్చిందో, అన్నదమ్ములే లోడు రప్పించుకున్నారో చెప్పలేం.

ఇక మిగిలింది ఎవరు? అత్తగారికి డెబ్బై దాటాయి. పెద్దకోడలు బరువెత్తకూడదన్నది ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంటిల్లిపాదికీ చెప్పిన మాట. పన్నెండున్నరకి కారు దిగిన చిన్నకోడలు ఇద్దరి మొహాలూ చూసి, చేతులు పైకి మడుచుకుంది.

"అడ్డం తిరిగిన దూడని బయటికి లాగేదాన్ని, ఈ చక్రమెంత," అంటూ జాకీ పెట్టి కారు పైకెత్తి, పానా తగిలించి బలమంతా పెట్టి తిప్పింది. నట్టుతో పాటు చక్రమంతా గిర్రున తిరిగింది. అత్తగారు పకపకా నవ్వింది.

"నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ఆ తర్వాత ఎత్తాలేమో చెల్లీ," అంది పెద్దకోడలు. దించి చూస్తే అదే నిజమైంది. నట్టు రాకపోతే పానా మీద ఎక్కి నిలబడింది చిన్నకోడలు. అది కిర్రుమని లొంగింది. బిగించేటప్పుడు మళ్ళీ పేచీ. ఒకదాని పక్కన ఒకటి వరసగా బిగించుకుంటూ పోతే చక్రం ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

పెద్దకోడలు వంగకుండానే కాసేపు తేరిపార చూసింది. "గుడ్డ పరిచి గుండుసూదులు గుచ్చేటప్పుడు ఒక మూల గుచ్చితే, తర్వాత దాని ఎదురు మూల గుచ్చుతాం. వరసగా గుచ్చితే గుడ్డంతా ఒక వైపుకి లాగేస్తుంది. ఎదురెదురుగా బిగించి చూడు," అంది. చక్రం బుద్ధిగా కూర్చుంది.

ఆ పూట గంటా పది నిమిషాలు పట్టింది. సాయంత్రం గంట. బుధవారం మధ్యాహ్నం యాభై నిమిషాలు. అత్తగారు గోడ గడియారం దింపించి, గిన్నెతో పాటు అదీ ఒళ్ళో పెట్టుకుని నిమిషాలు చదవడం మొదలుపెట్టింది. దారిన పోయే పోస్ట్‌మాన్ సైకిలాపి "కారుకేమైందండీ?" అనడిగితే, "ఏం కాలేదు, బట్టలు మారుస్తున్నాం," అంది.

ఆ మూడు మధ్యాహ్నాలూ పెద్దకోడలు మెత్తటి టైర్ల మీద వసతి గృహానికి వెళ్ళి వచ్చింది. మొదటి రోజు అక్కడ దిగి, నాలుగడుగులు వేశాక గానీ తను తలుపు పట్టుకోలేదని ఆవిడకి తట్టలేదు. అక్కడే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ తప్పు తన ఒంటిలో ఉందనుకుంది. సగం తప్పు టైర్లదని తెలిశాక ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కిటికీలన్నీ ఒకే కొలతని మేస్త్రీ చెప్పాడు గానీ మేస్త్రీల మాటకేం, ఏ రెండూ ఒకలా లేవు. రోజుకి తొమ్మిది చొప్పున ఇరవై ఏడు కొలిచింది. ఇంటికొచ్చి, చెమటలు కక్కుతూ చక్రాలు విప్పుతున్న తోడికోడల్ని చూస్తే ఆ సంతోషం కాస్తా దొంగ సొమ్ములా అనిపించేది.

గురువారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. చిన్నకోడలు రెండున్నరకి గానీ రాలేదు. కొండ మీద ఒక ఆవుకి కష్టమైన ఈత. తల్లి దక్కింది, దూడ దక్కలేదు. అయినా పానా కోసం వెళ్ళబోతుంటే పెద్దకోడలు ఆపింది. "మూడింటికి వార్డెన్ పై అంతస్తు తెరిపిస్తానంది. ఇవాళ్టికి ఇలాగే వెళ్తాలే, నువ్వు కాస్త వేడిగా ఏదన్నా తాగి పడుకో," అని తాళాలు తీసుకుంది. జాలితో చేసిన పనే. జాలి మంచిదే గానీ గుంతలకి ఆ సంగతి తెలియదు. రోడ్డంతా నీళ్ళు నిలిచి, ఏది గుంతో ఏది రోడ్డో తెలియకుండా ఉంది. పద్దెనిమిది కిలోమీటర్లలో ఒక్కటి కూడా ఆవిడ నడుముని వదల్లేదు. అయినా పై అంతస్తులో ఎనిమిది కిటికీలు కొలిచింది. తిరిగొచ్చి, వాకిట్లో కారాపి, ఇంజను కట్టేసి, దిగబోతే ఒళ్ళు మాట వినలేదు.

అలాగే కూర్చుంది. ఎవరన్నా చూస్తే బాగుండదని ఫోన్‌లో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. పావుగంటయ్యాక చిన్నకోడలు గొడుగేసుకుని వచ్చి తలుపు తీసింది. పెదవి మీద చెమట చూసింది. స్టీరింగ్‌ని పట్టుకుని వదలని వేళ్ళు చూసింది.

"ఎక్కడ?"

"ఏం లేదే, ఊరికే..."

చిన్నకోడలు వంగి, ఆవునో గొర్రెనో చూసినట్టే, నడుము కింద ఒక చోట బొటనవేలుతో నొక్కింది. పెద్దకోడలు కెవ్వుమంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆపరేషనయ్యాక మళ్ళీ కారెక్కిన దగ్గర్నుంచీ, రెండు నెలలుగా," అంది పెద్దకోడలు. ఇంక అబద్ధమాడే ఓపిక లేదు.

చిన్నకోడలికి కోపం తాడెత్తున లేచింది. "నోరు లేని వాటి నొప్పి కనిపెట్టడం నా పనక్కా. ఆవు చెవి వాల్చితే నాకు తెలుస్తుంది. నీకు నోరుంది. ఆరేళ్ళుగా నా పక్కన కూర్చుని అన్నం తింటున్నావు. ఒక్క మాట అనలేకపోయావా? మోత తక్కువట, అతుకేయించుకోవచ్చట!" అంటూ వానలో నిలబడే ఏడ్చేసింది. పొద్దున పోయిన దూడ కోసం కూడా అందులో కొంత ఏడ్చింది.

"అంటే కారెక్కొద్దంటారు. మళ్ళీ ఆ గదిలో పడుకోబెడతారు. మీరందరూ నన్ను బాగా చూసుకున్నారే, కాదనను. కానీ నాకక్కడ భయమేసింది. ఇంక నేను దేనికీ పనికిరానేమోనని భయమేసింది. నేను ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళలేను."

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు అంతా విన్నది. నొప్పిని తూచి చెరిసగం చెయ్యడానికి ఆవిడ తక్కెడ పనికిరాదు. సాయంత్రం పెద్దకొడుకు భార్య పక్కన కూర్చుని, నలిగిన బొటనవేలు చూసుకుంటూ, "రోజూ చూస్తూనే ఉన్నాను, నేనూ కనిపెట్టలేకపోయాను," అన్నాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే, ఏదీ జారలేదనీ, కండరం పట్టేసిందనీ, రెండు రోజులు విశ్రాంతి తీసుకోమనీ, ఆ తర్వాత తిరగమనీ, తిరక్కపోతేనే ప్రమాదమనీ చెప్పాడు. ఆ చివరి మాట పెద్దకోడలు స్పీకర్ పెట్టించి రెండోసారి అందరికీ వినిపించింది.

శుక్రవారం సాయంత్రం చిన్నకోడలు వాకిట్లో ఒక్కతే నాలుగు చక్రాలూ మార్చింది. మెత్తటివి వేసింది. కారుతో వచ్చిన మెరిసే చక్రాల్లో ఒకదాన్ని, రన్‌ఫ్లాట్‌తో సహా, జాకీ, పానాలతో కలిపి వెనక సీట్లో పడేసింది. పెద్దకోడలు కిటికీలోంచి చూసి మెల్లగా బయటికొచ్చింది.

"నాకోసం చెయ్యకు. నీ భయం ఉత్తిది కాదు, నాకు తెలుసు."

"ఉత్తిది కాదు. ఇప్పటికీ ఉంది," అంది చిన్నకోడలు చేతులు తుడుచుకుంటూ. "చూద్దాంలే అక్కా."

శనివారం పొద్దున ఆ టైర్ల మీదే కొండకి వెళ్ళింది. పన్నెండున్నర అయింది, రాలేదు. ఒంటిగంటైంది. ఫోను పలకడం లేదు. ఆ దారిలో, ఆ మలుపుల్లో, తన నడుము కోసం ఆ పిల్లని బలిపెట్టానా అనుకుంది పెద్దకోడలు. రెండుసార్లు వీధిలోకి వెళ్ళి వచ్చింది. "వస్తుందిలే," అంది అత్తగారు. అంటూనే ఒళ్ళోని గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తోందో లేదో విన్నది.

ఒంటిగంటా ఇరవైకి కారు వాకిట్లోకి వచ్చింది. మూడు చక్రాలు నల్లవి. ముందు ఎడమది మాత్రం మెరుస్తోంది. పెద్దకోడలు గోడ పట్టుకుని గబగబా మెట్లు దిగింది.

"పంచరైందా? ఎక్కడైంది? ఎవరైనా ఉన్నారా అక్కడ?"

చిన్నకోడలు దిగింది. మోచేతుల దాకా నలుపు, ముక్కు మీద ఒక చార.

"కాలేదక్కా."

"మరి ఆ చక్రం?"

"పై మలుపు దగ్గర, ఫోను అస్సలు పలకని చోట, కావాలనే ఆపాను. ఒక్క మనిషి లేడు. బాగున్న చక్రమే విప్పేసి ఇది బిగించాను. పదకొండు నిమిషాలు."

"పదకొండే అయితే ఇంతసేపేం చేశావే?" అంది అత్తగారు. ఆవిడకి గంట లెక్క తేలలేదు.

"అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయానత్తయ్యా. రెండేళ్ళుగా రోజూ వెళ్తున్నా, ఆ దారిలో ఎప్పుడూ ఎక్కడా ఆపలేదు నేను. అద్దాలెక్కించుకుని దాటిపోవడమే. అక్కణ్ణించి కింద నది మొత్తం కనిపిస్తుందని ఇవాళే తెలిసింది." ఆ అమ్మాయి మొహంలో అలసట ఉంది, అంతకంటే ఎక్కువగా ఒక వెలుగుంది. "నాలుగూ మెత్తవే వేయించుదాం. ఒక స్టెప్నీ కొనుక్కుందాం, వెనక సీట్లో పడుంటుంది."

అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నాలుగూ పెద్దదానివే అయితే మరి నీ వాటా ఏదే?"

"నా వాటా నేను కొండ మీద తీసేసుకున్నాను," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు ఆ నల్లటి చేతుల్ని పట్టుకుంది. తన చేతులూ నల్లబడ్డాయి. ఈ పిల్ల అంత చెయ్యగలిగినప్పుడు, తను ఒక్క మాట అనలేదా? ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ ఇలాంటి వాక్యం మొదలుపెట్టలేదు.

"అత్తయ్యా, సోమవారం నాకు కారు రోజంతా కావాలి."

ఇద్దరూ ఆవిడ వంక చూశారు.

"ఇంకా ఇరవై ఏడు కిటికీలున్నాయి. సగం పూటల్లో తెమలదు. నొప్పొస్తే వచ్చిందని చెప్తాను, ఆగుతాను, తగ్గాక మళ్ళీ వెళ్తాను. పని మాత్రం మానను."

"రోజంతా అంటే మరి చిన్నదానికి..." అని అత్తగారు అలవాటుగా మొదలుపెట్టి, మధ్యలో ఆగింది. చిన్నకోడలు అప్పటికే తాళాలు తీసి పెద్దకోడలి అరచేతిలో పెట్టేసింది. సోమవారం తనకి ఆఫీసులోనే పనట.

అత్తగారు ఒళ్ళోంచి గడియారం తీసి పక్కన పెట్టింది. కళ్ళు చెమ్మగిల్లాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఇన్నాళ్ళూ అడగలేదేం మరి?" అంది కోపంగా.

"ఇప్పుడు అడిగాను కదత్తయ్యా," అంది పెద్దకోడలు.